రెండు వేళ్ల వంపు

25,976వ రోజు

గ్లాసు కోసం మళ్లీ వెతికాను. అలమరలో లేదు, మంచం కింద లేదు. మా ఆవిడ మొదటి పడవలో కింద గ్రహం మీదికి దిగి నలభై రోజులైంది. రెండు గ్లాసులూ తనే పట్టుకుపోయినట్టుంది. సర్దుకునే తొందరలో చూసుకుని ఉండదు. నలభై రోజులుగా కూజా మూతతో తాగుతున్నాను. అలవాటైపోయింది.

25,977వ రోజు

ఇంజనీరు వచ్చాడు. మా అక్క కొడుకే. అయినా పని మాటలు రాసేటప్పుడు ఇంజనీరనే రాయాలి.

తిరుగుతూ మాకు బరువునిచ్చే ఈ ఓడ చక్రాన్ని ఆపే రోజు ఖాయం చేయమంటాడు. ఇరవై ఆరువేలవ రోజైతే గుర్తుంటుందని వాడి సరదా. కింద గాలి నెమ్మదిగా ఉండే కాలం ఇంకా అరవై రోజులే ఉంది. ఆలోపు చక్రాన్ని విప్పి పన్నెండు ముక్కల్నీ ఒక్కొక్కటిగా దించాలి. ఆ ముక్కలే కింద మనకి ఇళ్లు. తిరుగుతున్న చక్రాన్ని విప్పడం కుదరదు కనక ముందు ఆపాలి. ఈ కాలం దాటితే మళ్లీ ఏడాదికి గాని ఆ గాలి రాదు. మట్టి గదుల్లో ఈసారి గింజ సగమే పట్టింది. మూడు వందల నలభై మంది ఏడాది ఆగలేరు. ఇదంతా నాకు తెలిసిందే. వాడు చెబుతుంటే కొత్తగా వింటున్నట్టు తల ఊపాను.

"మామయ్యా, సంతకం."

"ఇరుసు బోల్టులు ఇంకోసారి చూడు."

"మూడుసార్లు చూశాను."

"నాలుగోసారి చూడు."

వెళ్లాడు. బోల్టులు బాగానే ఉన్నాయని నాకూ తెలుసు.

25,978వ రోజు

ఓడ నిబంధనల పుస్తకం తీసి చదివాను. పంతొమ్మిదేళ్లుగా చదువుతున్నదే. చక్రం ఆగిన క్షణంతో కెప్టెన్ పదవి ముగుస్తుంది. ఆ తరవాత కింద ఊరు, పైన చక్రం పోగా మిగిలిన ఖాళీ ఇరుసు. ఇరుసు దానంతటదే గ్రహం చుట్టూ తిరుగుతూ గాలివానల కబురు కిందికి పంపుతుంది. ఆ పేజీ చివర ఒక వాక్యం ఉంది. "అవసరమనుకుంటే ఒకరు ఇరుసులో కాపలా ఉండవచ్చును." దాని కింద పేరు రాయడానికి ఒక గీత.

గీత ఖాళీగా ఉంది. డెబ్భై ఒక్క ఏళ్ల పుస్తకంలో ఖాళీ గీత ఒక్కటి మిగిలిపోతే చూడటానికి బాగుండదు. నా పేరు రాశాను. పెన్ను చేతికి దొరకలేదు, పెన్సిలుతో రాశాను. ఊరికే రాశాను. ఇంకెవరైనా ఉంటామంటే కొట్టేయొచ్చు.

మా ఆవిడకి రేడియోలో చెప్పాలి. రేపు చెబుతాను.

25,979వ రోజు

మేము దిగబోయే చోటు మీదుగా ఓడ రోజుకి ఒక్కసారే పోతుంది. ఎనిమిది నిమిషాలు మాట దొరుకుతుంది. రేడియో గది చూసే మనిషిని అందరూ 'చెవి' అంటారు. ఎవరు మాట్లాడుకుంటున్నా మర్యాదగా గోడ వైపు తిరిగి కూర్చుంటాడు. అయినా భోజనాల వేళకి ఓడంతా తెలిసిపోతుంది.

"ఏమండీ, వినబడుతోందా?"

"వినబడుతోంది. విత్తనాలెలా ఉన్నాయి?"

"మొలిచాయి. నువ్వెలా ఉన్నావని అడిగారు గదా, నేనూ బాగానే ఉన్నాను."

చెవి భుజాలు కదిలాయి.

"నీళ్లు ఇక్కడ తిన్నగా పడతాయండీ. మొదటి వారమంతా మోకాళ్ల మీదే పోసుకున్నాం. పన్నెండు మందిమీ తడి కాళ్లతో ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకోవడం. కెప్టెన్ గారు దిగిన రోజు తువ్వాలు పట్టుకుని నిలబడతాలెండి."

నవ్వాను. ఇంకేదో చెప్పాలనుకున్నాను, ఓడ దాటిపోయింది.

ఇవాళ టైము చాలలేదు.

25,981వ రోజు

తిన్నగా పడే నీళ్లు ఎలా ఉంటాయో ఊహించుకుంటూ కూర్చున్నాను. ఊహకి అందలేదు.

అమ్మ నాకు నేర్పిన మొదటి పని నీళ్లు పోయడం. కూజా పట్టుకోగల వయసు రాగానే బల్ల దగ్గర నిలబెట్టి, "వంపు చూసి వంపరా" అనేది. చక్రం తిరుగుతుంది కనక, మూరెడు ఎత్తు నుంచి పోసిన నీళ్లు రెండు వేళ్లు పక్కకి వంగి పడతాయి. అందుకే ఓడలో బల్లలన్నీ ఒకే ముఖంగా బిగించారు. పోసేవాళ్లకి ఎప్పుడూ ఎడమకే వంగాలి, పట్టేవాళ్లు ఎప్పుడూ ఆ రెండు వేళ్లు పక్కనే పట్టాలి. చుక్క కింద పడితే గుడ్డతో అద్ది, పిండి, మళ్లీ తొట్టెలో పోయాలి. ఓడలో నీళ్లు పారబోసినవాళ్లు లేరు.

మాకు పెళ్లయి ఇరవై నాలుగేళ్లు. తను పోస్తుంది, నేను పడతాను. ఇద్దరం చూడం. తను సాధారణంగా విత్తనాల సంచుల వైపు చూస్తూ పోస్తుంది. నేను కాగితాలు చూస్తూ పడతాను. ఒక్క చుక్క పడలేదు ఎప్పుడూ. అది గొప్ప అని ఎప్పుడూ అనుకోలేదు. ఇవాళ ఎందుకు రాస్తున్నానో తెలియదు.

25,982వ రోజు

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. నడుం నొప్పి అని చెప్పాను. మాటల మధ్యలో అడిగాను, ఎవరైనా ఇరుసులో ఉండిపోతే ఏమవుతుందని.

"ఏడాది దాటితే ఎముకలు గుల్లబారతాయి. అక్కడ బరువుండదుగా. ఆ తరవాత కింద వాళ్లు నిలబడలేరు. అంటే ఇక దిగరు."

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగినవాళ్లకి ఊరికే చెప్పాను. మీ నడుం బాగానే ఉంది. ఎవరి నడుం బాగాలేదో ఆయన్ని పంపండి."

ఆవిడకి మొదటినుంచీ నోటి దురుసు.

25,983వ రోజు

పెద్దమ్మ మూట కట్టేసింది. దిగడానికి ఇంకా నెలపైన ఉంది, ఆవిడ మాత్రం మూట మీదే కూర్చుంటుంది, మూట మీదే తింటుంది.

అమ్మకి అక్క. డెబ్భై ఏడేళ్లు. ఓడ ఎక్కినవాళ్లలో ఇప్పుడు బతికున్నది ఆవిడొక్కతే. ఎక్కేటప్పటికి ఆరేళ్లు. నేల మీద నీళ్లు పోయడం నేర్చుకుని వచ్చింది, ఇక్కడి వంపు చేతికి ఎక్కలేదు. డెబ్భై ఒక్క ఏళ్లుగా తిన్నగా పోస్తూనే ఉంది, ఒలకబోస్తూనే ఉంది. పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ ఒలకమ్మే.

"ఒరేయ్ కెప్టెనూ! చక్రం ఎప్పుడు ఆపుతున్నావురా?"

"బోల్టులు చూస్తున్నారు పెద్దమ్మా."

"నువ్వు పుట్టకముందు నుంచి చూస్తున్నారు ఆ బోల్టులు. ఈ ఓడలో నా చెయ్యి వంకరని అందరూ ఆడిపోసుకున్నారు. వంకర నా చెయ్యి కాదు, మీ ఓడది. అది నా కళ్లతో చూసి పోవాలి. త్వరగా కానివ్వు."

వీధిలోంచి నడిచి వచ్చాను. నేల రెండు వైపులా పైకి లేస్తుంది, పైకప్పు అడ్డం వస్తుంది కనక ఎదురొచ్చేవాళ్ల కాళ్లు ముందు కనబడతాయి, తరవాత నడుము, చివరికి మొహం. చెప్పులు చూసి ఎవరో చెప్పగలను నేను. మూడు వందల నలభై మందికీ.

25,984వ రోజు

మా ఆవిడ చెప్పింది. కింద దూరం నుంచి వచ్చేవాళ్ల తల ముందు కనబడుతుందట. గట్టు అవతలి నుంచి మొదట జుట్టు, తరవాత మొహం, కాళ్లు అన్నిటికన్నా చివర. మొదట్లో భయం వేసిందట, తలకాయలు నేలలోంచి మొలుస్తున్నాయని.

ఇవాళ కూడా చెప్పలేదు. విత్తనాల మాటలతోనే సరిపోయింది.

25,985వ రోజు

సంతకం చేశాను. ఇరవై ఆరువేలవ రోజు, ఉదయం. ఇంజనీరు కాగితం లాక్కున్నట్టే తీసుకున్నాడు, ఎక్కడ మనసు మార్చుకుంటానో అని.

గుమ్మం దగ్గర ఆగాడు.

"మామయ్యా, ఇరుసుకి మనిషి అక్కర్లేదు. యంత్రం చూసుకుంటుంది. నేను రాసిచ్చిందే అది."

"యంత్రం ఆగిపోతే?"

"కింద నుంచి మీట నొక్కుతాం."

"మీట పని చేయకపోతే?"

వాడు నా వైపు చాలాసేపు చూశాడు. వాళ్లమ్మ కూడా అలాగే చూసేది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు. అంటే పుస్తకం చూశాడన్నమాట.

25,986వ రోజు

మధ్యాహ్నం ఇరుసులోకి ఎక్కాను. అక్కడ బరువు లేదు. చేతితో గోడని ఒక్కసారి తోస్తే చాలు, అటు చివరిదాకా పోతాం. కిటికీకి చేరబడి, చేరబడటం అంటే కొక్కెం పట్టుకుని, కిందికి చూశాను.

చాలా పెద్దది. తెల్లటి మబ్బులు ఒక వైపుకి దువ్వినట్టున్నాయి. మధ్యలో నీళ్లు, ఒడ్డున గోధుమరంగు నేల. మేము దిగే చోటు గోరంత కూడా ఉండదు, అందులో మా ఆవిడ ఉంది, తన చేతిలో కూజా ఉంది, నేను చూస్తున్న ఆ క్షణాన ఏం చేస్తోందో తెలియదు. ఎంతసేపు ఉన్నానో. నిద్రలో ఉన్నట్టే ఉంది. ఒక అంచు మీద చీకటి పాకింది, ఇంకో అంచు మీద తెల్లవారింది, నేను కొక్కెం మాత్రం వదల్లేదు.

ఆ నేలకి గోడ లేదు. అటు చూస్తే అటే పోతుంది. ఇక్కడ ఎటు నడిచినా నాలుగు వందల అడుగుల్లో మళ్లీ మన గుమ్మం ముందుకే వస్తాం.

నాకు భయమేమీ లేదు. ఇంత ఓడని ఖాళీగా వదిలేయడం పద్ధతి కాదు, అంతే.

25,988వ రోజు

రేడియోలో నేను అడిగాను, అక్కడ నాకేం పని ఉంటుందని. నవ్వుతూనే అడిగాను.

"ఇక్కడ కెప్టెన్లు అక్కర్లేదండీ. పార పట్టేవాళ్లు కావాలి," అంది.

చెవి గోడకి ఇంకా దగ్గరగా జరిగాడు.

తను ఎగతాళికే అంది. నాన్న మట్టి గదుల్లో ముప్ఫై ఏళ్లు పార పట్టాడు. నేనూ పట్టాను, ఇరవై ఏడేళ్లు వచ్చేదాకా. ఆ తరవాత లెక్కల పరీక్షలు రాసి పై గదికి వెళ్లాను. నా అరచేతులు చూసుకున్నాను. కాగితం మనిషి చేతులు.

చెప్పలేదు.

25,989వ రోజు

చెప్పలేదు.

25,990వ రోజు

ఇవాళ రేడియో పెద్దమ్మది. ఆరు వారాలుగా వంతు అడుగుతోంది, ఇవాళ ఇచ్చారు. మూట చంకలో పెట్టుకుని వచ్చింది. నేను పక్కనే నిలబడ్డాను, మీటలు నొక్కడం ఆవిడకి రాదని.

"ఏమే పిల్లా, నీళ్లు తిన్నగా పడుతున్నాయా?"

"పడుతున్నాయి పెద్దమ్మా. నువ్వు చెప్పినట్టే."

"విన్నావురా చెవీ? విన్నావుగా? భోజనాల దగ్గర చెప్పు అందరికీ." తరవాత అదే గొంతుతో, "మరి నీ మొగుడు దిగటం లేదటగా? ఇరుసు పట్టుకుని వేలాడతాడట. పుస్తకంలో పేరు కూడా రాసుకున్నాడట. నీకు చెప్పే ఉంటాడులే."

గదిలో యంత్రం గుర్రుమనడం ఒక్కటే వినబడింది. ఎనిమిది నిమిషాల్లో ఐదు ఇంకా మిగిలే ఉన్నాయి. ఆ ఐదు నిమిషాలూ అటు నుంచి మాట లేదు. కింద గాలి వీస్తున్న చప్పుడు మాత్రం వచ్చింది. నేను మాట్లాడబోయాను. మీట మీద వేలు పెట్టి మళ్లీ తీశాను.

బయటికి వచ్చాక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "చెప్పలేదట్రా?" అంది. "ఛీ, వెధవా."

యాభై దాటినవాణ్ని. పిల్లాడిలా తిట్లు తిని ఇంటికి వచ్చాను.

25,991వ రోజు

తను రేడియోకి రాలేదు. కింద వైద్యం చూసే మనిషి మాట్లాడాడు. విత్తనాలు నాటుతోందన్నాడు.

25,992వ రోజు

నాటుతోందట.

25,993వ రోజు

నాటుతోందట. అన్ని విత్తనాలు పంపలేదు మేము.

25,994వ రోజు

వచ్చింది.

"ఏమండీ."

"ఆఁ."

కోపం లేదు గొంతులో. అలసట ఉంది. మూడు రోజులు వంగుని పని చేసినట్టే ఉంది. అంటే నిజంగానే నాటిందేమో.

"ఒక్క సంగతి అడుగుదామని వచ్చాను. మీ గ్లాసు ఇక్కడే ఉంది. తెలిసే తెచ్చాను. కొన్నాళ్లలో వస్తారు గదా, అక్కడ మర్చిపోతారని తెచ్చాను. యాభై ఎనిమిది రోజులుగా రోజూ కడిగి బోర్లిస్తున్నాను. ఇక్కడ గ్లాసులకి కరువుగా ఉంది. ఎవరికైనా ఇచ్చేయనా?"

అంతే అడిగింది. రమ్మనలేదు, ఉండమనలేదు.

చెవి గోడ వైపు తిరిగే ఉన్నాడు, మెడ వెనక ఎర్రగా ఉంది. నాకు ఆ గ్లాసు కనబడింది. అంచు మీద ఒక చోట సొట్ట. చిన్నప్పుడు అమ్మ దగ్గర మొదటిసారి పట్టినప్పుడు జారవిడిచిన సొట్ట అది. అది ఇంకొకరి నోటి దగ్గర ఉండటం ఊహించుకోబోయాను. తిన్నగా పడే నీళ్లు ఊహకి అందనట్టే అదీ అందలేదు.

"ఉంచు," అన్నాను.

"ఏంటి?"

"ఎవరికీ ఇవ్వకు. ఉంచు."

"సరే," అంది. ఇంకా మూడు నిమిషాలుండగానే లేచి వెళ్లిపోయింది. అటు నుంచి తను అడుగులు వేస్తున్న చప్పుడు వినబడింది. గట్టి నేల మీద.

25,995వ రోజు

పుస్తకం తెరిచి రబ్బరుతో నా పేరు చెరిపాను. ఇంజనీరు లోపలికి వచ్చాడు. దాచడానికి టైము లేకపోయింది.

"నువ్వెప్పుడు చూశావు ఇది?"

"రాసిన మర్నాడే."

"మరి అడగలేదేం?"

"పెన్సిలుతో రాశారుగా మామయ్యా. పంతొమ్మిదేళ్లలో మీరు పెన్సిలుతో రాసింది ఇదొక్కటే. పెన్నుతో రాసుంటే భయపడేవాణ్ని."

"పెన్ను దొరకలేదురా."

"జేబులోనే ఉంది," అన్నాడు. ఇవాళ కూడా ఉంది.

గీత మళ్లీ ఖాళీగా ఉంది. చూడటానికి అంత చెడ్డగా ఏం లేదు.

25,997వ రోజు

తప్పడం నేర్చుకుంటున్నాను.

కింద తువ్వాలు పట్టుకుని నిలబడతానంది గదా. ఆ అవసరం రానివ్వకూడదు. కూజా ఎడమ చేత్తో ఎత్తి, మూతని సరిగ్గా కూజా మూతి కిందే పడుతున్నాను, నేల మీద పట్టాల్సినట్టు. నీళ్లు రెండు వేళ్లు పక్కగా బల్ల మీద పడతాయి. పడగానే చెయ్యి దానంతటదే పక్కకి జరుగుతుంది. జరగనివ్వకూడదు. జరగకుండా నీళ్లన్నీ పోగొట్టుకుంటే అప్పుడు సరిగ్గా చేసినట్టు. అద్ది, పిండి, మళ్లీ పోస్తున్నాను.

ఉదయం నుంచి యాభై సార్లు చేశాను. నాలుగు సార్లే తప్పగలిగాను.

పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోందని నాకు తెలియదు.

"ఓరి నీ! ఈ పని చేసినందుకే గదరా డెబ్భై ఏళ్లు నన్ను తిట్టారు. మీ అమ్మయితే నా చేతిలోంచి కూజా లాక్కునేది. ఇప్పుడు కెప్టెన్ గారు చాటుగా కష్టపడి నేర్చుకుంటున్నారా?"

"నేర్పు మరి."

మూట కింద పెట్టింది. ఆ మూట కింద పెట్టడం నేను ఇదే చూడటం. కూజా తీసుకుని తిన్నగా పోసింది. నేను తిన్నగా పట్టాను. నీళ్లన్నీ బల్ల మీద. ఆవిడ అంత నవ్వడం కూడా ఇదే చూడటం.

25,999వ రోజు

యాభైకి నలభై ఆరు సార్లు తప్పాను.

26,000వ రోజు

ఉదయం అందరూ గదుల్లో పట్టీలు బిగించుకున్నారు. నేను పై గదిలో నిలబడ్డాను. పుస్తకంలో ఉన్న వాక్యం చదవాలి. పెద్ద వాక్యం, నాలుగు వరసలుంది. రెండో వరసలో కళ్లు మసకేశాయి, అక్షరాలు చిన్నవి.

"ఆపండి," అన్నాను.

ఇంజనీరు మీట లాగాడు. ఏమీ జరగలేదు. అంత పెద్ద చక్రం ఒక్కసారిగా ఆగదు, రోజంతా పడుతుందని ముందే చెప్పాడు. అయినా అందరూ ఊపిరి బిగబట్టారు.

గంట గంటకీ కొంచెం కొంచెం తేలికపడ్డాం. మధ్యాహ్నానికి సగం బరువు. భోజనాల గదిలో మెతుకులు ప్లేట్లలో వదులుగా కదిలాయి. నేను బల్ల దగ్గర కూర్చుని కూజా వంచాను. నీళ్లు మెల్లగా, నూనెలా దిగాయి. వంపు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. రెండు వేళ్లే. సాయంత్రానికి పావు బరువు మిగిలింది, నీళ్లు ఇంకా మెల్లగా, ఆలోచించుకుంటూ దిగుతున్నట్టు దిగాయి. అప్పుడూ రెండు వేళ్లే. ఇంజనీరుని అడిగితే లెక్క ప్రకారం అంతే మామయ్యా అన్నాడు. చక్రం ఎంత నెమ్మదైనా, తిరుగుతున్నంతసేపూ వంపు అంతే ఉంటుందట.

అది నాకు తెలియదు. యాభై రెండేళ్లు దానితో బతికి తెలియదు.

చివరికి కూజా వంచితే నీళ్లు రాలేదు. మూతి దగ్గర ఉబ్బి, గుండ్రంగా అయి, అక్కడే ఉండిపోయాయి. వేలితో తాకితే వణికి విడిపోయి, గదిలోకి మెల్లగా బయల్దేరాయి. ఎడమకీ పోలేదు, తిన్నగానూ పడలేదు. పెద్దమ్మ పట్టీ విప్పుకుని గాల్లో లేచింది. మూట పక్కనే తేలుతోంది. ఆ నీటిబంతిని నోటితో అందుకుని మింగేసింది.

"మామయ్యా, ఆగింది," అన్నాడు ఇంజనీరు. ఆ మాటతో నేను కెప్టెన్ని కాకుండా పోయాను. ఏదో జరుగుతుందనుకున్నాను. ఆకలేసింది.

26,012వ రోజు

నాలుగు ముక్కలు దిగాయి. అన్నీ క్షేమం. మిగిలినవాళ్లం గోడలకి కట్టుకుని నిద్రపోతున్నాం. పెన్సిలు చేతిలోంచి పోయింది, మూడు రోజుల తరవాత దీపం వెనక దొరికింది. నిద్రకీ మెలకువకీ మధ్య తేడా అంతగా తెలియడం లేదు. కలలో కూడా తేలుతున్నాను. నాన్న వచ్చాడు, ఆయన ఒక్కడే కాళ్లు నేలకి ఆనించి నడుస్తున్నాడు, చేతిలో పార ఉంది.

26,024వ రోజు

పెద్దమ్మ దిగింది. పోతూ పోతూ మూట విప్పి చూపించింది. లోపల ఏమీ లేదు, ఒక పాత దుప్పటి. "ఖాళీ చేతులతో పోతే ఏం బాగుంటుందిరా?" అంది.

26,033వ రోజు

ఆఖరి ముక్క. నేను, ఇంజనీరు, ఇరవై ఆరు మంది. ఇరుసు తలుపు వేసి తాళం చెవి జేబులో వేసుకున్నాను. దాంతో ఇక పని లేదు. తరవాత నేను కెప్టెన్ని కానని గుర్తొచ్చి ఇంజనీరుకిచ్చాను.

26,036వ రోజు అనుకుంటాను

ఇక్కడి రోజు మన రోజు కన్నా కొంచెం పొడుగు. ఈ లెక్క ఇక కుదరదు.

దిగిన మూడు రోజుల దాకా డాక్టరమ్మ మమ్మల్ని నడవనివ్వలేదు, ఎవర్నీ మా దగ్గరికి రానివ్వలేదు. ఇవాళ వదిలింది. మా ఆవిడ పని చోటు గట్టు అవతల. పట్టుమని ఐదు వందల అడుగులు లేదు. నాలుగుసార్లు ఆగాను. తల తిరిగింది. గోడ లేదు, నిజమే. ఎటూ లేదు. కాళ్ల వైపే చూస్తూ ఎక్కాను.

గట్టు మీదికి వచ్చేసరికి తను మడిలో నిలబడి ఇటే చూస్తోంది.

"తల ముందు కనబడింది," అంది. "బాగా నెరిసింది."

"అక్కడ దీపాల కింద తెలియలేదు."

"దీపాల మీదికి నెట్టండి."

మడి చుట్టూ చూశాను. మూడు రోజుల్లో నాటిందంతా మొలిచింది. వరసలు వంకర టింకరగా ఉన్నాయి. తను ఎప్పుడూ అంత వంకరగా నాటలేదు.

ఒక రాయి మీద రెండు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. సొట్ట ఉన్నది తీసి నా చేతికిచ్చింది. కూజా ఎత్తింది. అలవాటు ప్రకారం మొలకల వైపు చూస్తూ వంచింది. నేనూ అలవాటు ప్రకారం ఎటో చూస్తూ పట్టాను. కానీ నేర్చుకున్నట్టే పట్టాను, కూజా మూతి కింద, తిన్నగా.

నీళ్లు గ్లాసు పక్క నుంచి నా పాదాల మీద పడ్డాయి. ధారగా, కూజా సగం.

ఇద్దరం కిందికి చూశాం.

"తిన్నగా ఎందుకు పట్టారు?" అంది.

"తిన్నగా పడతాయన్నావుగా. మూడు రోజులు నేర్చుకున్నాను."

తన మొహం చూడాల్సింది. "కొత్తగా దిగినవాళ్లు ఎవరూ తిన్నగా పట్టరు గదా అని మణికట్టు పక్కకి విసిరి పోస్తున్నానండీ. అందరికీ అలాగే పోశాను. నెల్లాళ్లుగా ఒక్క చుక్క పడలేదు."

నేను అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని చొక్కా అంచుతో నేల అద్దుతున్నాను. తను నా భుజం పట్టుకుంది.

"ఉండనివ్వండి."

చెయ్యి తీశాను. తడి మచ్చ అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వచ్చింది. మేము చూస్తుండగానే పోయింది. ఎవరూ గుడ్డ తేలేదు. ఎవరూ అడగలేదు.

"లేవండి," అంది. "పట్టండి మళ్లీ."

ఈసారి నేను గ్లాసు వైపు చూస్తూ పట్టాను. తను గ్లాసు వైపు చూస్తూ పోసింది. ఇరవై నాలుగేళ్లలో మేము చూసుకుంటూ నీళ్లు పోసుకోవడం ఇదే మొదలు.